బండి ఆయిల్ తాగేస్తోందా? ఇంజన్ విప్పించే ముందు ఇవి చూడండి

పదిహేనేళ్ళు దాటిన మోటార్ సైకిల్‌ని తీసుకెళ్ళి "అన్నా, ఆయిల్ తగ్గిపోతోంది" అంటే చాలు, మెకానిక్ బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడని లేత్ మీద చెక్కి కాస్త పెద్దది చేయడం) చేయించాలంటాడు. ఒక్కోసారి అది నిజమే. నా పాత వంద సీసీ బండికి మాత్రం పోయింది వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడ వెంట ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే చిన్న రబ్బరు టోపీలు), ఆ సంగతి తెలిసేసరికే సిలిండర్ బ్లాక్, పిస్టన్ మార్పించేశాను, మార్చాక కూడా పొద్దున్నే పొగ మామూలే.

ముందు ఎంత తాగుతోందో తేల్చుకోండి. చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలయ్యాక ఆయిల్ కొలిచే స్టిక్ చూడండి. చాలా బళ్ళకు స్టిక్‌ని తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి (సైడ్ స్టాండ్ మీద చూసి టెన్షన్ పడేవాళ్ళూ ఉన్నారు). పై గీత దాకా పోసి, కిలోమీటర్లు రాసుకుని, 500 తిరిగాక మళ్ళీ చూడండి. గీత దాటి పోస్తే ఎక్కువైంది బ్రీదర్ పైపులోంచి (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది, అదీ తాగినట్టే అనిపిస్తుంది.

రాత్రి ఇంజన్ కింద అట్టముక్క వేయండి. చుక్కలు పడితే లీకే, ఇంజన్ పైన వాల్వుల మీదుండే టాపెట్ కవర్ దగ్గరా చైన్ స్ప్రాకెట్ వెనక సీల్ దగ్గరా వెతకండి.

లీకు లేకపోతే ఇక పొగ. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతున్నట్టు, నల్లగా వస్తే అది పెట్రోలు గొడవ, దీనితో సంబంధం లేదు. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి కాసేపటికి తగ్గిపోతే, లేదా దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి మళ్ళీ ఇచ్చినప్పుడు వస్తే, వాల్వ్ సీల్స్ మీదే అనుమానం. ఎప్పుడు రేస్ చేసినా, ఎత్తు ఎక్కేటప్పుడూ ఆగకుండా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. ఇంకా నమ్మకం కుదరకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో) మీటరుతో చూపించి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడమనండి, రీడింగ్ బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వుల వైపు.

సీల్స్ మారుస్తుంటే వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ ఆడే గొట్టం) ఎంత వదులైందో కూడా చూడమనండి, గైడ్ అరిగిపోతే కొత్త సీల్ నాలుగు రోజులు కూడా ఆగదు. బోరైతే లేత్ షాపులో కొలిపించాకే నిర్ణయం. బాగుంటే రింగులు చాలు, అరిగితే 0.25 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ నుంచి మొదలు. రింగుల మీద అక్షరాలు పైకి ఉండాలి, రింగుల కొసల మధ్య గ్యాపులన్నీ ఒకే వరసలోకి రాకూడదు. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, అతను విసుక్కుంటే విసుక్కోనీండి.

పని చేయించేదాకా వారానికోసారి స్టిక్ చూసి తగ్గినంత పోయండి. ఈ బళ్ళలో పట్టేదే లీటరుకు అటూ ఇటూ, అందులో మూడొందల మిల్లీలీటర్లు తగ్గితే ఇంజన్ పై భాగమైన హెడ్‌లో వాల్వుల్ని తెరిచే క్యామ్, రాకర్లు అరిగిపోతాయి. 10డబ్ల్యూ30 బదులు కాస్త చిక్కనైన 20డబ్ల్యూ40 ఆయిల్ పోస్తే కొంచెం తక్కువ తాగొచ్చు గానీ రోగం పోదు. కారు ఆయిల్ పోయొద్దు, క్లచ్ జారొచ్చు, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో తడిసే బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి.

బోరింగ్ చేయిస్తే మొదటి 500 కిలోమీటర్లు డబుల్స్ వద్దు, హైవే మీద ఒకటే స్పీడులో లాగొద్దు, తర్వాత ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోయించండి.