సెకండ్ హ్యాండ్ బోటు కొనేముందు నంబర్ మీరే చదవండి, కాగితాలు తర్వాత చూడండి

పాత బోటు చూడ్డానికి వెళ్తే అందరి కళ్లూ ఇంజన్ మీద, పెయింట్ మీద, సీట్ల మీదే ఉంటాయి. అవి బాగోకపోతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. అదే బోటు దొంగ సొత్తని తేలినా, ఎక్కడో తాకట్టులో ఉందని తేలినా, బోటూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. అందుకే అడ్వాన్స్ మాట ఎత్తకముందే నంబర్లు, కాగితాలు తేల్చుకోవాలి.

అదీ ఒక వరసలో. ముందు బోటు ఒంటి మీదున్న నంబర్, తర్వాతే కాగితం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అమ్మేవాళ్లిచ్చిన జిరాక్స్‌లోని నంబర్ పట్టుకుని రికార్డులు వెతుకుతారు, అన్నీ శుభ్రంగా కనిపిస్తాయి, కానీ ఆ కాగితం ఇంకో బోటుదైతే రికార్డు శుభ్రంగా ఉండి మీకు ఒరిగేదేమీ లేదు కదా.

ఫ్యాక్టరీలో తయారైన బోట్లకి మామూలుగా హల్ (అంటే బోటు ఒడలు) ఐడెంటిఫికేషన్ నంబర్ ఉంటుంది, పొట్టిగా హిన్ అంటారు. కారుకి ఛాసిస్ నంబర్ లాంటిదన్నమాట. బోటులో ముందుకి చూస్తూ నిలబడితే, వెనక పలకకి బయటివైపు, కుడిచేతి పక్క, పైఅంచుకి దగ్గర్లో వెతకండి. అమెరికాలో 1972 నుంచి ఇది తప్పనిసరి, 1984లో ఇప్పటి పద్ధతి వచ్చింది. మొత్తం 12 స్థానాలు. మొదటి మూడు తయారీ కంపెనీ కోడ్, తర్వాతి ఐదు ఆ బోటు సీరియల్, తొమ్మిదోది నెల (ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్), పదోది తయారైన సంవత్సరంలోని చివరి అంకె, ఆఖరి రెండూ మోడల్ సంవత్సరం. అంటే చివర్లో డి404 అని ఉంటే 2004 ఏప్రిల్‌లో చేసిన 2004 మోడల్ బోటు. అమ్మేవాళ్లు దాన్నే 2008 మోడల్ అంటుంటే ఇక అక్కడ బేరం ఆపి కారణం అడగండి. సీరియల్ భాగంలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, అవి కనిపించినా అనుమానించాల్సిందే. యూరప్ మార్కెట్ కోసం చేసిన బోట్లకి ముందు దేశం కోడ్ కూడా చేరి 14 అవుతాయి, 1998 జూన్ తర్వాత అక్కడ అమ్మకానికి వచ్చినవాటికి సీఈ ప్లేట్ (యూరప్ భద్రతా నిబంధనల ప్రకారం చేశారని చెప్పే గుర్తు) కూడా ఉండాలి.

నంబర్‌ని వేలితో తడిమి చూడండి. చుట్టూ గీకినట్టున్నా, అక్కడ మాత్రమే రెసిన్ (ఫైబర్ బోట్లకి పూసే జిగురు లాంటిది) పూసినట్టున్నా, ప్లేట్ పాతదై రివెట్లు కొత్తవైనా, అక్షరాలు వంకరగా ఉన్నా ఫోటో తీసుకుని వెనక్కి వచ్చేయండి. 1984 పద్ధతి ప్రకారం పైకి కనిపించని చోట ఇదే నంబర్ రెండోసారి కూడా వేస్తారు. అది ఎక్కడుందో బోట్లు పరీక్షించే సర్వేయర్‌నో, ఆ కంపెనీ డీలర్‌నో అడిగి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి.

ఇంజన్‌కి వేరే సీరియల్ నంబర్ ఉంటుంది, ట్రైలర్ ఉంటే దానికి ఇంకో నంబర్, చాలాచోట్ల వేరే రిజిస్ట్రేషన్ కూడా. బోటు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్లు విప్పి ఎత్తుకెళ్లడం తేలిక, కాబట్టి బోటు సక్రమమైనదే అయినా దానికి తగిలించిన ఇంజన్ దొంగది కావచ్చు. ఇంజన్ నంబర్ తీసుకెళ్లి అధికారిక డీలర్‌కి చూపిస్తే ఏ సంవత్సరానిదో, వారంటీ కింద ఏ పనులు జరిగాయో చాలావరకు చెప్పగలరు.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడే ఎక్కువమంది పొరబడేది: రిజిస్ట్రేషన్ ఉంటే ఓనర్ అయిపోయినట్టు కాదు. ఉదాహరణకి బ్రిటన్‌లో పార్ట్ 3 అనే చిన్న బోట్ల రిజిస్టర్ యాజమాన్యానికి రుజువు కాదు, పార్ట్ 1లో మాత్రం యాజమాన్యం, తాకట్టు రెండూ నమోదవుతాయి. అమెరికాలో కోస్ట్ గార్డ్ దగ్గర నమోదైన బోటైతే అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ అడగండి, అందులో నమోదైన అమ్మకాలు, తాకట్లు వరసగా కనిపిస్తాయి. మీ దేశంలో ఏ ఆఫీసు దేనికి రుజువిస్తుందో ముందే తెలుసుకుని, మీరు బోటు మీద చదివిన నంబర్‌తో అక్కడ స్వయంగా వెతికించండి. కుదిరితే మొదటి ఓనర్ నుంచి ఇప్పటివరకు ప్రతి అమ్మకం పత్రం చూడండి, మధ్యలో ఒక్క చెయ్యి తప్పినా ఎందుకు తప్పిందో తేలేదాకా డబ్బు కట్టొద్దు. ఇద్దరు ముగ్గురు ఉమ్మడి ఓనర్లుంటే అందరి సంతకాలూ కావాలి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది బాకీలు. సముద్ర చట్టంలో కొన్ని అప్పులు మనిషిని కాదు, బోటుని పట్టుకునే ఉంటాయి. సిబ్బంది జీతాలు, ఇంకో బోటుని గుద్దిన నష్టం, మునిగిపోకుండా కాపాడినవాళ్లకి ఇవ్వాల్సిన సొమ్ము, కొన్ని దేశాల్లో రిపేరు బిల్లులు కూడా. బోటు చేతులు మారినా అవి పోవు, పైగా ఇవి ఏ రిజిస్టర్‌లోనూ కనిపించకపోవచ్చు. అందుకే బోటు కట్టే రేవుకి, రిపేర్ యార్డుకి మీరే వెళ్లి బాకీలేమైనా ఉన్నాయా అని నోరు తెరిచి అడగాలి, మొహమాటపడొద్దు. బాకీలు లేవని, ఒకవేళ బయటపడితే అమ్మినవాళ్లే తీర్చాలని ఒప్పందంలో రాయించుకోండి. బ్యాంకు లోన్ మిగిలి ఉంటే ఆ మేరకు డబ్బు నేరుగా బ్యాంకుకే కట్టి, తాకట్టు విడుదల పత్రం తీసుకోండి.

ప్రమాదాల చరిత్ర ఏ ఓనరూ తనంతట తాను చెప్పడు. పెద్ద తుఫాను తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు పనికిరావని తేల్చి వేలం వేసిన బోట్లు, రంగు పూయించుకుని మళ్లీ మార్కెట్‌కి వస్తుంటాయి. అలమరాల లోపల నీటి గీత, ప్యానెళ్ల వెనక బురద, కొంతమేర మాత్రమే కొత్తగా వేసిన వైరింగ్, లోపలి స్క్రూలకి తుప్పు, ఇవి మునిగిన బోటు గుర్తులు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు ఇమ్మని అడగండి, బోటు పాత పేర్లు తెలుసుకుని ఆ పేర్లతో కూడా వెతకండి, బోటు ఎక్కడుందో రేడియోలో చెబుతూ ఉండే ఏఐఎస్ పరికరం ఉంటే ట్రాకింగ్ సైట్లలో అది ఎక్కడెక్కడ తిరిగిందో కొంత దొరుకుతుంది. సర్వేయర్‌ని మాత్రం మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్లు చూపించినవాళ్లు వద్దు.

కొన్న తర్వాత రిజిస్ట్రేషన్‌తో పాటు రేడియోకి ఇచ్చిన 9 అంకెల ఎంఎంఎస్ఐ నంబర్, ఆపదలో సిగ్నల్ పంపే ఈపర్బ్ నమోదు కూడా మీ పేరుకి మార్పించండి. మార్చకపోతే మీరు ఆపదలో మీట నొక్కినప్పుడు రక్షణ సిబ్బంది ఫోన్ చేసేది పాత ఓనర్‌కే. కాబట్టి మొదటిసారి నీళ్లలోకి దిగేలోపే ఆ పని అయిపోవాలి.