జీస్ట్రీమర్ ప్లగిన్‌లో మెమరీ లీక్ ఇలా దొరికింది

జీస్ట్రీమర్ అంటే ఆడియో, వీడియో స్ట్రీమ్‌లని నడిపే ఫ్రేమ్‌వర్క్. కెమెరా స్ట్రీమ్‌కి అందులో వాడుతున్న ఒక ఓపెన్ సోర్స్ ప్లగిన్ వాడేసిన మెమరీని వదలకపోవడం (మెమరీ లీక్) వల్ల ర్యామ్ వాడకం పెరుగుతూ పోయి, తెల్లారేసరికి కెర్నెల్ ఆ ప్రాసెస్‌ని ఆపేసేది. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్‌లో నడిపితే వీడియో నత్తనడకే.

వదలకుండా మిగిలిపోయిన వాటి జాబితా ఇచ్చే లీక్స్ ట్రేసర్ జీస్ట్రీమర్‌లోనే ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. అది ఆన్ చేశాను. ప్రోగ్రామ్ చివర జీస్ట్రీమర్‌ని ముగించే gst_deinit (జీఎస్‌టీ డీఇనిట్) ఫంక్షన్‌ని పిలవాలి, లేకపోతే జాబితా రాదు. వచ్చిన జాబితాలో అన్నీ బఫర్లే (ఫ్రేముల డేటా మోసేవి)!

ప్లగిన్‌లో బఫర్లని అందుకునే చెయిన్ ఫంక్షన్‌కి వచ్చిన బఫర్ బాధ్యత పూర్తిగా ఆ ఫంక్షన్‌దే: ముందుకు పంపాలి, లేదా అన్‌రెఫ్ చేయాలి (అంటే తన పట్టు వదిలేయాలి). పాడైన ఫ్రేమ్ వస్తే ఈ ప్లగిన్ రెండూ చేయకుండా రిటర్న్ అయిపోతోంది. 1920×1080 సైజులో ఐ420 (కంప్రెస్ చేయని ఒక వీడియో ఫార్మాట్) ఫ్రేమ్ అంటే దాదాపు 3 ఎంబీ, అలా ఒక్కొక్కటీ పోగవుతోంది.

రిటర్న్‌కి ముందు ఒక్క అన్‌రెఫ్ లైను చేర్చాను. మళ్లీ నడిపితే జాబితా ఖాళీ. ప్యాచ్ పంపాను.