మంచు అడవిలో తీగచుట్టతో పనులు చక్కబెట్టుకోవడం ఎలా?

అమెరికాలోని అలాస్కా, కెనడాలోని యూకాన్ అడవుల్లో గుడిసె వేసుకుని బతికేవాళ్లకు కొట్టు దగ్గర్లో ఉండదు. విరిగినదాన్ని ఉన్నచోటే బాగుచేసుకోవాలి. అందుకే గొడ్డలితో పాటు మేకుకు ఒక తీగచుట్ట వేలాడుతుంటుంది. ఒకప్పుడు కలప కోత క్యాంపుల్లో గడ్డిమోపులు కట్టే తీగతోనే సామానంతా బాగుచేసుకుంటూ నెట్టుకొచ్చేవారు. ఏదైనా అస్తవ్యస్తమైతే ఇంగ్లిష్‌లో ‘హేవైర్’ (గడ్డి తీగ) అనడం అలా మొదలైందే. నన్నడిగితే తీగ తప్పేం లేదు, కట్టడం రాకపోతేనే గోల.

1. ముందు సరైన తీగ తీసుకోండి. మన దగ్గర స్లాబు వేసేముందు ఇనుప కడ్డీలు కట్టే నల్ల బైండింగ్ వైరు లాంటిదే కావాలి. 18 గేజ్, అంటే సుమారు 1.2 మి.మీ. మందం చాలు. కాల్చి మెత్తబరిచిన ఇనుము కాబట్టి చెప్పినట్టు వంగుతుంది. జింకు పూత పూసిన జీఐ తీగ త్వరగా తుప్పు పట్టదు గానీ, పొయ్యి దగ్గర వాడొద్దు. ఆ పూత బాగా కాలితే వచ్చే పొగ మంచిది కాదు.

2. కట్టు నేర్చుకోండి, మిగతావన్నీ దీనిమీదే ఆధారపడతాయి. పార కామ చీలిందనుకోండి. చీలిక చుట్టూ తీగను పక్కపక్కనే రెండు చుట్లు వేసి, రెండు కొసలనూ కలిపి చేత్తో రెండుసార్లు మెలేయండి. ఆ మెలికను కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని ముందు మీవైపు లాగండి. వదులంతా పోయాకే అర చుట్టు తిప్పండి. మళ్లీ లాగండి, మళ్లీ తిప్పండి. లాగకుండా తిప్పుతూ పోతే బిగువు రాదు, తీగే తెగుతుంది. నేను మొదట్లో అలా తెంపినవి లెక్కలేదు! మెలిక దగ్గర తీగ నిగనిగలాడుతూ సన్నబడుతుంటే అక్కడితో ఆపేయాలి. కొసను కత్తిరించి, చేతికి గుచ్చుకోకుండా చెక్కలోకి వంచి కొట్టండి. రెండంగుళాలకొక కట్టు చొప్పున వేయండి. గొడ్డలి కామకు మాత్రం దీన్ని నమ్మొద్దు, కొత్తది చెక్కుకోవాల్సిందే.

3. డేరాలో రేకు పొయ్యి ఉంటే పొగగొట్టాన్ని కట్టండి. అతుకు దగ్గర రెండువైపులా మేకుతో బెజ్జాలు కొట్టి తీగ దూర్చి బిగించాలి. గొట్టం పైభాగం నుంచి మూడు దిక్కులకు మూడు తీగలు లాగి మేకులకు కట్టండి. అక్కడ తాడు కాలిపోతుంది.

4. ఖాళీ డబ్బాకు రెండు బెజ్జాలు పెట్టి తీగ వంచితే టీ కాచుకునే గిన్నె అవుతుంది. పొయ్యికి కాస్త ఎడంగా తీగ దండెం కడితే తడి మేజోళ్లు ఆరతాయి.

తీగ ఎంత పనికొస్తుందో చూడాలంటే కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని హాగ్విల్‌గెట్ అనే ఊరి కథ వినాలి. అమెరికాను రష్యాతో కలపాలని 1865లో మొదలైన టెలిగ్రాఫ్ లైనును, అట్లాంటిక్ సముద్రగర్భ కేబుల్ పనిచేయడంతో 1867లో వదిలేశారు. అక్కడి ఆదివాసులు ఆ తీగను తెచ్చి బల్క్‌లీ నది మీద తమ కర్రల వంతెనకు బిగించుకున్నారు.

5. మైనస్ 40లో వట్టి చేత్తో తీగ ముట్టుకోవద్దు, చర్మం అంటుకుంటుంది. పని అయ్యాక ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేయండి. అడవిలో వదిలేసిన తీగ దుప్పి కొమ్ములకు చుట్టుకుంటే అది ఇక విడిపించుకోలేదు.