పాత ఆర్‌ఎక్స్ 100 విప్పే ముందు

మొదటిసారి పాత బండి పని పెట్టుకునేవాళ్లకి ఇంజిన్ అంటే టెన్షన్, పెట్రోలంటే ధీమా. నిజానికి ఉండాల్సింది దీనికి పూర్తిగా తలకిందులుగా. యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్‌లో అంత భయపడాల్సిందేమీ లేదు. 98 సీసీ, ఒకటే సిలిండర్, టూ స్ట్రోక్, నాలుగు గేర్లు, క్యామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. దాన్ని చెడగొట్టినా డబ్బుతో పోతుంది. కళ్లు, వేళ్లు, ఊపిరితిత్తులు అలా కాదు. అందుకే కింద చెప్పేవాటిలో సగం బండిని కాపాడుకోవడానికి, సగం మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి.

ముందు కాగితాలు

ఈ బండి మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. "వింటేజ్ బండి సార్, ఆర్‌సీ ఎవరూ అడగరు" అని అమ్మేవాళ్లు అంటే నమ్మకండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ కింద నమోదు కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఆర్‌ఎక్స్ 100 ఏదీ ఇంకా అంత పాతది కాదు. కాబట్టి దీనికి మామూలు బండి రూలే: మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్. చాలా బండ్లకి అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అలాంటిది కొనేముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి రికార్డులో బండి ఉందో లేదో, రెన్యువల్ అవుతుందో లేదో, ఆలస్యానికి ఎంత కట్టాలో కనుక్కోండి. పక్క రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ చేతికి రాకుండా మొత్తం డబ్బు ఇవ్వకండి.

ఛాసిస్ నంబరుని హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర, ఇంజిన్ నంబరుని క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) మీద టార్చి వేసి చదవండి. రెండూ ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. ఆ ఒక్కచోటే కొత్త పెయింటు ఉన్నా, అంకెలు వంకరగా ఉన్నా, గ్రైండింగ్ గీతలు కనిపించినా బేరం అక్కడితో ఆపేయండి. ఆర్‌ఎక్స్ 100 ఫ్రేములో ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ బిగించి అమ్మడం మామూలే. నడపడానికి బాగానే ఉంటుంది, కాగితాల దగ్గరే చిక్కు. దొంగ బండి మీద మీరు పెట్టే ప్రతి రూపాయీ పోయినట్టే లెక్క.

పెట్రోలు, దుమ్ము, గ్రైండర్

పని చేసే చోటు ఆరుబయటకి దగ్గరగా ఉండాలి. వరండా పర్వాలేదు. వంటింటికి గానీ దేవుడి గదికి గానీ ఆనుకుని ఉన్న చోటు వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదుగా పాకి దూరంగా ఉన్న దీపాన్ని అందుకుంటుంది. సామాన్లు కడగడానికి మెకానిక్‌లు పెట్రోలు వాడటం చూసి మీరూ అదే చేయకండి. డీజిల్ మేలు, అది అంత తేలిగ్గా అంటుకోదు. చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. దగ్గర్లో డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఒక బకెట్ ఇసుక ఉంచుకోండి. పెట్రోలు మంట మీద నీళ్లు కొడితే మంట ఇంకా పాకుతుంది.

మరొకటి, మన ఇళ్లలో మరీ ఎక్కువ: పెట్రోలు, డీజిల్, థిన్నర్ ఇవేవీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఒకవేళ ఎవరైనా తాగేస్తే వాంతి చేయించకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బ్రేకు డ్రమ్ము తెరిచినప్పుడు లోపల నల్లటి పొడి ఉంటుంది. ఆ కాలపు బ్రేక్ లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవాళ్లు, దాని దుమ్ము ఊపిరితిత్తులకి హాని. కంప్రెసర్‌తో గాని నోటితో గాని ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. తుప్పు గీకడానికి వైర్ బ్రష్ బిగించిన గ్రైండర్ వాడితే దాని తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు కూడా మూసుండే సేఫ్టీ గ్లాసెస్ కావాలి. బెంచి మీద తిరిగే వీల్ దగ్గర వదులు గ్లవ్స్, లుంగీ, మెడలో తువ్వాలు ఉండకూడదు.

విప్పేటప్పుడు

ఇక్కడ చాలామంది ఓడిపోయేది ఒక్క స్క్రూడ్రైవర్ దగ్గర. జపాన్ డిజైను బండ్లకి వచ్చే ప్లస్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) కొలతవి. బజార్లో దొరికే మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ బిట్‌తో ఉన్న ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి. రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పు పట్టినవాటిని వదులు చేసే పల్చటి ఆయిల్) వేసి ఉంచి, పొద్దున్నే సుత్తితో ఒక్క దెబ్బ కొడితే స్క్రూ వదులుతుంది. క్లచ్ కవర్ అల్యూమినియం, దాని మర పోతే మళ్లీ లేత్ షాపు చుట్టూ తిరగాలి.

మాగ్నెట్ (క్రాంక్ ఎడమ చివర తిరిగే అయస్కాంతాల చక్రం) తీయాలంటే దానికి సరిపోయే పుల్లరే, అంటే దాన్ని బయటికి లాగే పనిముట్టే వాడాలి. సుత్తితో కొట్టి తీసిన మాగ్నెట్‌తో క్రాంక్ వంకర పోతే ఇంజిన్ వణుకు ఎప్పటికీ తగ్గదు. పిస్టన్ పిన్ క్లిప్ తీసేముందు క్రాంక్‌కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, లేదంటే ఆ చిన్న తీగ ముక్క చెంగున ఎగిరి సరిగ్గా అందులోనే పడుతుంది. తీసిన పాత క్లిప్పులు మళ్లీ వేయకండి. విప్పే ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీయండి, నట్లు దేనికవి కవర్లో వేసి పేరు రాయండి. ఇదంతా అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది ఏమిటంటే, బండి నడిచే స్థితిలో ఉంటే అసలు మొత్తం విప్పనే వద్దు. ముందు బ్రేకులు, తర్వాత ఇంజిన్, ఆ తర్వాత వైరింగ్, ఒక్కోటీ ముగించి ముందుకి వెళ్లండి. పెయింటు ఆఖర్న. ఒక్క ఆదివారం ఫ్రేము దాకా ఊడదీసిన బండ్లే చివరికి గోనెసంచుల్లో అమ్మకానికి వస్తాయి.

ఇంజిన్ పట్టేసి ఉంటే కిక్కు మీద ఎక్కి తొక్కకండి. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కొంచెం పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా కదపండి. బోర్ చేయించాల్సి వస్తే, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల చెక్కి కొంచెం పెద్దది చేయించాల్సి వస్తే, ముందు పిస్టన్ కొని, దాన్ని షాపులో ఇచ్చి ఆ కొలతకే బోర్ చేయించాలి. ఈ బండికి అసలు బోర్ 50 మిల్లీమీటర్లు. పిస్టన్ బిగించేటప్పుడు పైన ఉన్న బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి, రింగు చివరలు గాడిలో ఉన్న చిన్న పిన్ను దగ్గర కలవాలి. ఇది తప్పితే సిలిండర్ దించేటప్పుడే రింగు విరుగుతుంది.

ఆయిల్ సీళ్లు, ఆయిల్ పంపు

ఏళ్ల తరబడి నిలిపిన టూ స్ట్రోక్ బండిలో క్రాంక్ ఆయిల్ సీళ్లు ఎండిపోయి ఉంటాయి. కుడివైపు క్లచ్ పక్కది పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగి పొగ మేఘంలా వస్తుంది. అది కనీసం కంటికి కనిపిస్తుంది. ఎడమవైపు మాగ్నెట్ పక్కది పోతే అక్కడి నుంచి గాలి లాగుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై, యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ దానంతటదే రేజ్ అవుతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కొత్తగా చేసేవాళ్లు దీన్ని కార్బొరేటర్ ట్యూనింగ్ లోపం అనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు. అందుకే ఇంజిన్ విప్పాక సీళ్లు ఎలా ఉన్నా మార్చేయండి. అలా రేజ్ అయినప్పుడు తాళం ఆపినా ఒక్కోసారి ఇంజిన్ ఆగదు. చోక్ లాగండి, లేదా టాప్ గేరు వేసి బ్రేకు గట్టిగా పట్టి క్లచ్ వదలండి. ఇంజిన్ తిరుగుతుండగా ప్లగ్ క్యాప్ మీద చేయి వేస్తే షాక్ కొడుతుంది.

ఈ బండిలో పెట్రోలుతో కలిసి ఇంజిన్‌లోకి వెళ్లే 2టీ ఆయిల్‌కి విడిగా ట్యాంకు, పంపు ఉంటాయి. చాలామంది పంపు పీకేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపేస్తారు. మీ బండిలో ఏది ఉందో కళ్లతో చూసి తెలుసుకోండి, అమ్మినవాడి మాట మీద వదిలేయకండి. పంపు ఉంటే పైపులో గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయాలి. పంపు పనిచేస్తోందని తేలేవరకు పెట్రోల్లోనూ ఆయిల్ కలిపే నడపండి. కొంచెం ఎక్కువ పొగ వస్తుంది, పర్వాలేదు.

ట్యాంకు, పెయింటు, టైర్లు

కారే ట్యాంకుని వెల్డింగ్ షాపుకి అలాగే పట్టుకెళ్లకండి. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరికి నిప్పు తగిలితే అది పేలుతుంది. లోపలంతా కడిగి, ఆవిరి పూర్తిగా పోగొట్టి, ట్యాంకుల పని తెలిసినవాడితోనే చేయించండి. తుప్పుకి బాత్రూం యాసిడ్ పోస్తే తుప్పుతోపాటు రేకునీ తినేస్తుంది. వెనిగర్ లేదా సిట్రిక్ యాసిడ్ నెమ్మదైనా నయం. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కొంచెం 2టీ ఆయిల్ తిప్పి ఉంచాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంది. పాత రబ్బరు పైపులు, ట్యాప్ వాషర్లు దానికి తట్టుకోవు, అన్నీ మార్చండి. నెల రోజులు బండి తీయకపోతే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయండి.

రెండు సీసాల్లో వచ్చి కలుపుకునే 2కే పెయింటులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఆ పని బూత్ ఉన్న పెయింటరుకి ఇచ్చేయండి. వానాకాలంలో మాత్రం వద్దు, గాలిలో తేమకి పెయింటు తెల్లబారుతుంది.

టైరు పక్కన తయారీ వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. నాలుగు బదులు మూడే అంకెలుంటే అది 2000కి ముందుది. ట్రెడ్ గాడులు ఇంకా లోతుగా ఉన్నా పారేయాల్సిందే, ట్యూబుతో సహా.

మొదటి స్టార్టు ఆరుబయటే. గదిలో పొగ పట్టేస్తే తల తిరిగేలోపే మనిషి పడిపోతాడు. మొదటి 500 కిలోమీటర్లు ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వకండి, ఒకే వేగంలో ఎక్కువసేపు లాగకండి. శ్రీశైలం ఘాట్ లాంటి దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజిన్ బ్రేకు మీదే దిగకండి, ఆయిల్ అందక పిస్టన్ ఎండుతుంది. మధ్యమధ్యలో కొంచెం ఇస్తూ ఉండాలి. మొదటి రోజు తిరిగొచ్చాక ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి హెడ్ నట్లు ఎదురెదురుగా మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి మళ్లీ బిగించండి. ప్లగ్ తీసి రంగు చూడండి. లేత గోధుమ రంగైతే సరే, తెల్లగా ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. అది దొరికేదాకా బండి బయటికి తీయకండి.