స్కూల్ డిస్ట్రిక్ట్‌లో గ్రాంట్ ప్రపోజల్ తయారుచేసి ఆమోదం పొందడం ఎలా?

అమెరికాలో ఆలోచన టీచరుదైనా, ప్రిన్సిపాల్‌దైనా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) గ్రాంట్‌కు దరఖాస్తుదారు స్కూల్ డిస్ట్రిక్టే, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ. డబ్బు దాని ఖాతాకే వస్తుంది, ఆడిట్‌లో జవాబు చెప్పుకోవలసిందీ అదే. కాబట్టి రాత మొదలుపెట్టేముందే సంతకాల దారి తెలుసుకోవాలి.

1. గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ముందుగా డిస్ట్రిక్ట్ గ్రాంట్ పాలసీ చదవండి. కొన్నిచోట్ల దరఖాస్తు పంపకముందే స్కూల్ బోర్డు (డిస్ట్రిక్ట్ పాలకమండలి) ఆమోదం కావాలి, మరికొన్నిచోట్ల డబ్బు స్వీకరించేటప్పుడు చాలు. చాలా బోర్డులు నెలకు ఒకటి రెండుసార్లే సమావేశమవుతాయి. అజెండాలో చేరాలంటే కాగితాలు అంతకుముందే సూపరింటెండెంట్ (డిస్ట్రిక్ట్ ముఖ్య అధికారి) కార్యాలయానికి అందాలి. గడువు నెలాఖరున ఉండి, బోర్డు 15న కూర్చుంటే, బడ్జెట్ మొదటివారంలోనే తేలిపోవాలన్నమాట.

2. ఒక పేజీ నోట్ తిప్పండి

ఏ స్కూళ్లకు, ఏ అవసరానికి, ఎంత మొత్తం, డిస్ట్రిక్ట్ వాటా ఎంత, గ్రాంట్ అయిపోయాక ఖర్చు ఎవరు భరిస్తారు: ఇవి రాసి ఫైనాన్స్, హెచ్ఆర్, ఐటీ విభాగాలకు పంపండి. చివరి ప్రశ్న దగ్గరే చాలా ప్రతిపాదనలు ఆగిపోతాయి, ఆగడమే మంచిది కూడా. కొన్ని ఫెడరల్ పథకాల్లో ప్రైవేటు స్కూళ్లతో సంప్రదింపులు తప్పనిసరి. నిర్ణయాలు అయ్యాక ఫోన్ చేస్తే అది సంప్రదింపు కిందకు రాదు.

3. రిజిస్ట్రేషన్ చూసుకోండి

ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థలు నమోదయ్యే వెబ్‌సైట్ సామ్ డాట్ గవ్‌లో డిస్ట్రిక్ట్ నమోదు ఏటా పునరుద్ధరించాలి. సంస్థను గుర్తించే 12 అక్షరాల యూఈఐ నంబరు ఇక్కడే వస్తుంది. దరఖాస్తులు పంపే వెబ్‌సైట్ గ్రాంట్స్ డాట్ గవ్‌లో సమర్పించే అధికారం ఎవరి పేరున ఉందో కూడా చూడండి. ఆ ఉద్యోగి ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు.

4. మార్కులను బట్టి రాయండి

దరఖాస్తులు కోరుతూ ఇచ్చే గ్రాంట్ నోటీసులో ఏ అంశానికి ఎన్ని మార్కులో ఉంటుంది. 100లో 25 మూల్యాంకనానికి (ఫలితాలను ఎలా కొలుస్తారన్నదానికి) ఇస్తే, దాన్ని అర పేజీలో ముగించకండి. వాళ్ల శీర్షికలనే, వాళ్ల వరుసలోనే వాడండి. ‘మా పిల్లలు వెనకబడ్డారు’ అంటే సరిపోదు, ఏ స్కూల్లో, ఏ తరగతి, ఏ పరీక్షలో ఎంతమంది అన్నది చెప్పాలి.

5. బడ్జెట్

లెక్క ఇలా ఉండాలి. ఏడాదికి 60,000 డాలర్ల జీతం ఉన్న రీడింగ్ కోచ్ సగం సమయానికి 30,000. బెనిఫిట్లు (ఆరోగ్య బీమా, పెన్షన్ వంటివి) జీతంలో 28 శాతం అనుకుంటే 8,400. ఒక్కోటి 350 చొప్పున 40 టాబ్లెట్లు 14,000. మొత్తం 52,400. ఇండైరెక్ట్ రేటు (అకౌంటింగ్, పరిపాలన వంటి ఉమ్మడి ఖర్చుల వాటా) 4 శాతమైతే 2,096 కలిపి 54,496 డాలర్లు.

ఇక్కడ తప్పులు ఎక్కువగా మూడు రకాలు. మొదటిది, బెనిఫిట్లు మరిచిపోవడం. రెండోది, తప్పు ఇండైరెక్ట్ రేటు. ‘సప్లిమెంట్, నాట్ సప్లాంట్’ (గ్రాంట్ అదనంగా ఉండాలి, ఉన్న నిధులకు బదులు కాకూడదు) అనే నిబంధన ఉన్న పథకాల్లో రాష్ట్ర విద్యాశాఖ ఆమోదించిన రిస్ట్రిక్టెడ్ రేటే వాడాలి, అది సాధారణంగా తక్కువ. మూడోది ఆ నిబంధననే మీరడం: డిస్ట్రిక్ట్ ఇప్పటికే సొంత నిధులతో ఇస్తున్న కోచ్ జీతాన్ని గ్రాంట్‌కు మళ్లిస్తే ఆడిటర్ పట్టుకుంటాడు. ఇక ప్రతిపాదన వివరణలో 45 టాబ్లెట్లని, బడ్జెట్‌లో 40 అని ఉంటే సమీక్షకులకు మిగతా అంకెల మీదా అనుమానం వస్తుంది.

6. ఆమోదం, సమర్పణ

ఫైనాన్స్ ముందు, సూపరింటెండెంట్ తర్వాత, ఆపైన బోర్డు. ఫైనాన్స్ చూడని బడ్జెట్‌ను బోర్డు ముందు పెడితే వెనక్కి రావడం ఖాయం. అమెరికా విద్యాశాఖ గడువు సాధారణంగా ఈస్టర్న్ టైమ్ రాత్రి 11:59:59. కాలిఫోర్నియాలో అప్పటికి రాత్రి 8:59:59 మాత్రమే. కనీసం 2 పనిదినాల ముందే పంపండి, ఎందుకంటే ‘అందింది’ అన్న ఈమెయిల్ వచ్చాక కూడా తనిఖీలో దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు.

7. గ్రాంట్ వచ్చాక

బోర్డు స్వీకరణ తీర్మానం, బడ్జెట్ సవరణ అయ్యాకే ఆర్డర్లు పెట్టండి. గ్రాంట్ నుంచి జీతం తీసుకునేవాళ్ల పనిగంటలు జరిగినవి జరిగినట్టే నమోదు కావాలి, ముందే వేసుకున్న శాతాలు మాత్రమే చాలవు. ఫెడరల్ గ్రాంట్ కాగితాలు చివరి ఆర్థిక నివేదిక ఇచ్చిన తేదీ నుంచి 3 ఏళ్లు దాచాలి. ఆడిట్ మధ్యలో ఉంటే అది తేలేదాకా ఉంచాలి.