పదిహేడేళ్లు పాటల మీద రాసి, ఆపేసే ముందు

చాలా ఏళ్లుగా సరదాకి సంగీతం మీద రివ్యూలు రాస్తున్నారు, ఎవరూ అడగలేదు, పైసా రాదు, అయినా రాశారు. ఇప్పుడు ఆపేయాలని ఉంది, ఎలాగో తెలియడం లేదు. అలాంటివాళ్ల కోసమే ఇది. నేను 2006 నుంచి 2023 దాకా వైజాగ్‌లో విన్న కచేరీల మీద, కొన్న ఆల్బమ్‌ల మీద రాశాను. లాంగ్ నోట్‌బుక్‌లో చిత్తు, ఆదివారం పొద్దున ఏ4 కాగితం మీద రెండు వైపులా సాపు, తర్వాత ద్వారకానగర్ వెళ్లి నలభై జిరాక్సులు తీయించి తెలిసినవాళ్లకి పంచడం. ఆపేటప్పుడు కొన్ని పనులు సరిగ్గా చేశాను, కొన్ని ఆలస్యంగా చేశాను.

ముందు తేదీ పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, "వచ్చే వారం రాద్దాంలే" అనుకుంటూ మూడు నెలలు గడిపేశాను. ఒకరోజు జిరాక్స్ షాపు కుర్రాడు రోడ్డు మీద ఆపి "ఏటి మాస్టారూ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది, మనం చెప్పకపోతే చదివేవాళ్లు మనకేదో అయిందనుకుంటారు. మరునాడే క్యాలెండర్ మీద ఒక ఆదివారానికి సున్నా చుట్టాను.

ఆ తేదీలోపు మాట ఇచ్చినవి పూర్తి చేయండి. నా దగ్గర అలాంటివి నాలుగు మిగిలాయి. అందులో ఒకటి, ఒక అమ్మాయి తన మొదటి సీడీ ఇంటికి తెచ్చి "వినండి అంకుల్, ఎలా ఉన్నా రాయండి" అని ఇచ్చి వెళ్లింది. పేరున్న కళాకారుల గురించి మనం రాయకపోయినా వాళ్లకి పోయేదేమీ లేదు, కానీ ఇలాంటి పిల్లలు నిజంగా ఎదురు చూస్తుంటారు. పది వాక్యాలైనా సరే రాయండి, అదీ కుదరకపోతే ఫోన్ చేసి విన్నానమ్మా అని చెప్పి, ఏ పాట నచ్చిందో, ఎక్కడ శ్రుతి జారిందో నోటితోనే చెప్పండి.

తర్వాత తప్పులు దిద్దుకోవాలి. ఒకసారి నాయకి రాగంలో పాడిన కృతిని దర్బారు అని రాసేశాను. ఆ రెండూ దగ్గరి రాగాలు, తడబడేవాళ్లు చాలామందే ఉంటారు, కానీ రాసేటప్పుడు సరిచూసుకోవాల్సిన బాధ్యత నాదే. ఒక పెద్దాయన ఫోన్ చేసి చెప్పారు, "దిద్దుతానండి" అన్నాను, తొమ్మిదేళ్లు దిద్దలేదు. ఇంకోటి ఇంతకంటే బరువైనది. ఒక వయొలిన్ విద్వాంసుడి వాద్యం బలహీనంగా ఉందని రాశాను, తర్వాత తెలిసింది ఆ రోజు ఆయన మైకే సరిగ్గా పనిచేయలేదని. ఆఖరి కాగితంలో ఆ రెండూ పేరు పేరునా ఒప్పుకున్నాను, వయొలిన్ ఆయన ఇంటికి స్వయంగా వెళ్లాను. మీ పాత కాగితాలు ఒకసారి మొత్తం చదవండి, ఇలాంటివి కచ్చితంగా దొరుకుతాయి.

ఆఖరి కాగితం సగం పేజీ చాలు. ఎప్పటినుంచి రాశారు, ఎందుకు ఆపుతున్నారు, పాతవి కావాలంటే ఎక్కడ దొరుకుతాయి, అంతే. కారణం నిజమైనదే చెప్పండి. నా కారణం ఇది: గాయకుడు ఆలాపన సగంలో ఉండగానే నా బుర్రలో దాని గురించి వాక్యం తయారైపోయేది, ఆ వాక్యం మర్చిపోకూడదని పట్టుకునేసరికి మిగతా సగం చెవిన పడేది కాదు. మళ్లీ రాసే ఉద్దేశం లేకపోతే "త్వరలో కలుద్దాం" అని మాత్రం రాయకండి, నమ్మేవాళ్లు ఉంటారు.

ఇక నోట్‌బుక్‌ల సంగతి, దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి. మనది సముద్రం పక్క ఊరు, గాలిలో తేమకి కాగితం మెత్తబడుతుంది, క్యాసెట్‌కి బూజు పడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి, బల్ల మీద ఉన్న మూడు నోట్‌బుక్‌లు నీళ్లలో నానిపోయాయి. ఫ్యాన్ కింద ఆరబెడదామంటే కరెంటు లేదు. ఒక్కో పేజీ విడదీసి మధ్యలో పాత చీర ముక్కలు పెట్టి ఆరబెట్టాం. జెల్ పెన్‌తో రాసినవన్నీ నీలం మరకలైపోయాయి, ఆ పేజీల్లో ఏ కచేరీ ఉందో కూడా తెలియదు. మామూలు బాల్ పెన్‌తో రాసినవి మాత్రం అట్టలు కట్టిన పేజీల్లోంచి కూడా చదవగలిగాను. అందుకని ఫొటోలు తీయండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పేజీకొక ఫొటో. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు పెడితే వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి. రెండు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో అయితే ఇంకా మంచిది.

క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని కూర్చోకండి. 90 నిమిషాల క్యాసెట్ ఎక్కడానికి 90 నిమిషాలూ పడుతుంది, రెండు వందలుంటే మూడు వందల గంటలు! సినిమా పాటలవి చాలామటుకు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి, వాటిని వదిలేయండి. ఇంకెక్కడా లేనివి, అంటే ఇంట్లో జరిగిన కచేరీలు, మీరే చేసుకున్న రికార్డింగులు, అవే ఎక్కించండి. ముందుగా క్యాసెట్ పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, అప్పుడు పొరపాటున దాని మీద ఇంకోటి రికార్డవదు. ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి వెనక్కి తిప్పి అప్పుడు ప్లే చేయండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మంచి ప్లేయర్‌లో పెట్టొద్దు, హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్‌కి పాకుతుంది. కంప్యూటర్‌లో రికార్డు చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే వస్తుంది, వేవ్ ఫైలుగా దాస్తే నిమిషానికి 10 ఎంబీ దాకా అవుతుంది. ఎక్కించినవి కళాకారులని అడగకుండా పదిమందికీ పంపకండి, వాళ్ల పాట మీద హక్కు వాళ్లదే.

ఎవరికైనా ఇచ్చేయాలనుకుంటే, మన అభిప్రాయాల కంటే మనం రాసుకున్న వివరాలకే విలువ ఎక్కువని గుర్తుపెట్టుకోండి. ఫలానా రోజు మన కళాభారతి ఆడిటోరియంలో ఎవరు పాడారు, పక్కన వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ప్రధాన కృతి ఏ రాగం, ఆలాపన ఎన్ని నిమిషాలు. "అద్భుతం" అన్న మాట ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికీ అక్కర్లేదు, ఈ జాబితా మాత్రం మన ప్రాంతపు సంగీతం మీద పనిచేసే విద్యార్థికి కావాలి. 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు పనిచేసిన సంగీత కళాశాల మనకి పక్కనే విజయనగరంలో ఉంది. కాలేజీ అయినా లైబ్రరీ అయినా ముందు వెళ్లి మాట్లాడండి, తీసుకుంటామంటేనే ఇవ్వండి, మూటగట్టి గుమ్మంలో పెట్టి రావద్దు. నేను ఒక జిరాక్స్ సెట్టు వీణ నేర్చుకుంటున్న మా మేనకోడలికి ఇచ్చాను, అసలువి నా దగ్గరే ఉన్నాయి.

చివరగా, ఆపిన తర్వాత వీలైనంత త్వరగా ఒక కచేరీకి వెళ్లండి, పెన్ను ఇంట్లో పెట్టి. నేను పిఠాపురం కాలనీలో బస్సు దిగి కళాభారతిలోకి నడుస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటి గంట చాలా ఇబ్బందిగా గడిచింది. ప్రధాన కృతి అయ్యాక తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే భాగం, మొదలైంది. పదిహేడేళ్లూ నేను అప్పటిదాకా విన్నదంతా గబగబా రాసుకున్నది సరిగ్గా ఆ సమయంలోనే, ఒక్క తని కూడా తలెత్తి వినలేదు. ఆ రోజు మృదంగం ఆయన ఎడమ చెయ్యి చూశాను. తొప్పి వైపు, అంటే మృదంగం ఎడమ ముఖం మీద, అరచేతిని జరుపుతూ గుమ్‌మనే ఆ గుమ్కీ నాదం ఎలా రప్పిస్తున్నారో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పక్క సీటులో ఒకాయన చేత్తో తాళం వేస్తున్నారు, కాసేపటికి నేనూ వేయడం మొదలుపెట్టాను, ఆయన ఒకసారి నా వైపు చూసి, లెక్క తప్పకుండా మళ్లీ తాళంలో పడిపోయారు.