మీ ఊరి పక్షుల లెక్క పరిశోధనకు పనికొచ్చేలా రాయడం ఎలా

పక్షుల మీద పరిశోధన అనగానే చాలామందికి మెడలో పెద్ద కెమెరా, ఏదో యూనివర్సిటీ, అడవిలో టెంటు గుర్తొస్తాయి. అనంతపురం, కడప, కర్నూలు వైపు ఉండే మనకు అవేవీ అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఫోన్‌లో గడియారం, కుదిరితే ఒక మామూలు బైనాక్యులర్ (8 బై 42 అని రాసున్నది సరిపోతుంది), వారానికి ఒక పొద్దున ఉంటే చాలు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక 942 జాతుల పరిస్థితిని అంచనా కట్టింది. దానికి ఆధారం దేశం నలుమూలల నుంచి దాదాపు 30 వేల మంది రాసి పంపిన 3 కోట్ల పైచిలుకు నమోదులు. పాలపిట్ట తగ్గిపోతోందని ఆ నివేదిక గట్టిగా చెప్పగలిగిందంటే, ఏటేటా బయటికెళ్ళి ఎంతసేపు చూశామో, ఎన్ని కనబడ్డాయో రాసినవాళ్ళు ఉండబట్టే.

ముందు చోటు ఎంచుకోండి. పేరున్న చోటే కావాలని లేదు, మీరు ఏడాది పొడవునా విసుగు లేకుండా వెళ్ళగలిగే చోటు కావాలి. ఊరి చెరువు కట్ట సరే, శెనక్కాయ చేల మధ్య దారి సరే. నన్నడిగితే మాత్రం బీడు భూమినే తీసుకోమంటాను. చూసేవాళ్ళకు అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది, రికార్డుల్లోనూ బంజరు అనే రాసుంటుంది, అందుకే ఎవరికి ఏ పని పడినా మొదట ఆ నేల మీదే కన్ను పడుతుంది. కానీ కముజులు, పూరేళ్ళు, తీతువులు, నేల మీదే గూడు పెట్టుకునే భరత పక్షులు, ఇండియన్ కోర్సర్‌లు బతికేది అక్కడే. బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కూడా అలాంటి గడ్డి నేలల పక్షే. దాని కోసం 1988లో కర్నూలు వైపు ఉన్న రోళ్ళపాడును అభయారణ్యం చేశారు, ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడటమే గగనమైపోయింది. మీ ఊరి బీట్లో ఇవాళ ఏమున్నాయో రాసి ఉంటేనే, పదేళ్ళ తర్వాత ఏం పోయిందో ఎవరైనా చెప్పగలిగేది.

పొద్దు పొడిచిన మొదటి రెండు గంటల్లో వెళ్ళండి. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే పక్షులన్నీ నీడకు చేరిపోతాయి, మనకూ ఓపిక ఉండదు. ఒకచోట నిలబడి 15 నిమిషాలు చూడండి, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రెండూ రాయండి. నడుస్తూ చూస్తే ఎంత దూరం నడిచారో కూడా రాయాలి. ఈ రెండు అంకెలు లేకపోతే మీ జాబితా విలువ సగానికి పడిపోతుంది, ఎందుకంటే పది నిమిషాల్లో ఐదు తీతువులు కనబడటానికీ, మూడు గంటలు తిరిగితే ఐదు కనబడటానికీ చాలా తేడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పూట మీరు గుర్తుపట్టిన ప్రతి పక్షినీ రాయాలి, కాకి, గోరింక, పావురంతో సహా. అరుదైనవాటినే రాసి మామూలువాటిని వదిలేస్తే, మీరు పిచ్చుకను రాయనిది అది లేకనా, పట్టించుకోకనా అన్నది చదివేవాళ్ళకు తెలియదు. జాబితా పూర్తిగా ఉంటేనే 'లేదు' అన్న సమాచారం కూడా దాంట్లోంచి దొరుకుతుంది, పరిశోధకులకు ఒక్కోసారి ఆ 'లేదు' అన్నదే ఎక్కువ అవసరం.

లెక్క విషయానికొస్తే, పదో పదిహేనో ఉంటే ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. చలికాలంలో చెరువు నిండా బాతులు దిగినప్పుడు అలా కుదరదు. ఒక పక్క నుంచి మొదలుపెట్టి పది బాతులను సరిగ్గా లెక్కపెట్టండి, ఆ పది ఎంత మేర పరుచుకుని ఉన్నాయో కంటికి పట్టించుకోండి, ఆ మేరను గుంపు మీద పక్కపక్కనే పెట్టుకుంటూ పోండి. ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి చేయండి. రెండు అంకెల మధ్య మరీ ఎక్కువ తేడా వస్తే మూడోసారి చేయండి. గుంపు మధ్యలో లేచి ఇంకో మూలకు వెళ్ళి వాలితే మళ్ళీ కలపకండి, ఒకేసారి కంటికి కనబడిన పెద్ద అంకెనే తీసుకోండి. అంచనా అంకె రాయడానికి మొహమాటపడొద్దు. 'చాలా ఉన్నాయి' అన్న మాటతో ఎవరూ ఏమీ చేయలేరు, 'సుమారు 240' అని రాస్తే అది పనికొస్తుంది.

గుర్తుపట్టడం మెల్లగా వస్తుంది, దానికి టెన్షన్ పడకండి. తెల్లగా ఉన్న ప్రతిదాన్నీ మనం కొంగ అనేస్తాం కదా, అక్కడి నుంచే మొదలుపెట్టండి. ముక్కు నల్లగా, కాళ్ళు నల్లగా ఉండి, పాదాలు మాత్రం పసుపు రంగులో ఉంటే లిటిల్ ఎగ్రెట్. అది బురదలోంచి కాలు పైకెత్తినప్పుడు ఆ పసుపు పాదం బాగా కనబడుతుంది, ఒక్కసారి చూశారంటే ఇక మర్చిపోరు. ముక్కు పసుపుగా, పొట్టిగా ఉండి గొడ్ల వెంట తిరుగుతుంటే కేటిల్ ఎగ్రెట్. వానాకాలం వచ్చేసరికి దాని తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. ఎంత చూసినా తేలకపోతే 'ఏదో ఒక కొంగ' అనే రాయండి, ఊహించి పేరు పెట్టకండి. మెర్లిన్ లాంటి యాప్‌లు అరుపు విని పేరు చెబుతాయి, బాగా సాయపడతాయి కూడా, కానీ యాప్ చెప్పింది కదాని కంటితో చూడకుండా, మీ చెవికి నమ్మకం కుదరకుండా జాబితాలో ఎక్కించొద్దు.

గొర్రెల కాపరులతో మాట్లాడండి. బీట్లో వాళ్ళు చూసినంత ఎవరూ చూడరు. కానీ ఫోన్ తీసి ఫొటో చూపించి "ఈ పిట్టను చూసినావా అన్నా?" అంటే, మన మాట కాదనలేక "ఆ, చూసినా" అనేస్తారు. అలా కాకుండా "అన్నా, ఈ బీట్లో రాత్రిపూట ఏమేం పిట్టలు అరుస్తాయి? నేల మీద గుడ్లు పెట్టేవి ఏమన్నా కనబడతాయా?" అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగండి. రంగు, కాళ్ళు, నడక, ఎప్పుడు కనబడింది, అన్నీ ఆయన మాటల్లోనే రాసుకోండి. ఫొటోలు చివర్లో చూపించండి, అది కూడా నాలుగైదు పక్షులవి కలిపి.

కలివికోడి (ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్) మళ్ళీ దొరికింది ఇలాంటి ఓపిక వల్లే. 1848లో జెర్డన్ అనే బ్రిటిష్ డాక్టరు ద్వారా అది మొదట లోకానికి తెలిసింది, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకు కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది, ఆ వెతుకులాటలో ఊళ్ళ జనం సాయం ఎంతో ఉంది. రాత్రిపూట తిరిగే పక్షి, ముళ్ళపొదల మధ్య ఉంటుంది, కాబట్టి తర్వాతి పరిశోధకులు దాన్ని కంటితో వెతకడం మీదే ఆధారపడలేదు. పొదల మధ్య ఖాళీల్లో జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని సన్నటి పట్టీలుగా పరిచి, పొద్దున్నే వెళ్ళి అడుగుల గుర్తులు చూసేవాళ్ళు. కలివికోడికి ముందు మూడు వేళ్ళే, వెనక వేలు ఉండదు. కముజుకు వెనక వేలు ఉంటుంది. దాంతోపాటు పొద్దుగూకిన ముక్కాలు గంట తర్వాత కొద్దిసేపే వినబడే దాని అరుపు కోసం చెవి పెట్టి కూర్చునేవాళ్ళు. మట్టిపట్టీ పద్ధతి మీ బీట్లోనూ చేసి చూడొచ్చు, రాత్రి అక్కడ ఏమేం నడిచాయో చూస్తే ఆశ్చర్యపోతారు. కలివికోడి ఉండే చోటైన కడప జిల్లా లంకమల అభయారణ్యంలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు, కలివికోడి అరుపు రికార్డు ఎక్కడా మోగించొద్దు. ఉన్న కొద్ది పక్షులు ఆ అరుపుకు బదులిస్తూ అలిసిపోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

గూళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. తీతువు నెత్తి మీద తిరుగుతూ గోల చేస్తోందంటే గుడ్లు మీ కాళ్ళ దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. వెతకకండి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. రాయి పెట్టి గుర్తు చేయడం, దగ్గరికెళ్ళి ఫొటో తీయడం వద్దు, మీరు ఆగిన చోటును కాకులు, కుక్కలు గమనిస్తుంటాయి. గుడ్లు తీయడం, పక్షిని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

వీరాపురం లాంటి చోట లెక్క వేరేగా ఉంటుంది. పాత అనంతపురం జిల్లా చిలమత్తూరు మండలంలోని ఆ ఊళ్ళో చింతచెట్ల మీద, ఇళ్ళ మధ్యనే, పెయింటెడ్ స్టార్క్‌లనే పెద్ద కొంగలు గూళ్ళు పెట్టి పిల్లలను పెంచుతాయి. సైబీరియా పక్షులు అంటుంటారు గానీ ఇవి మన దేశంలోనే పుట్టి పెరిగేవి. అక్కడ పక్షులను లెక్కపెట్టి లాభం లేదు, సగం పెద్దవి చేపల కోసం చెరువులకు వెళ్ళి ఉంటాయి. చెట్లకు నంబర్లు ఇచ్చుకుని, పక్షి కూర్చుని ఉన్న గూళ్ళు, పిల్లలున్న గూళ్ళు విడివిడిగా లెక్కపెట్టండి. చుట్టుపక్కల చెరువుల్లో నీళ్ళు ఎంత ఉన్నాయో కూడా రాయండి, ఆ ఏడు పిల్లలు ఎన్ని బతుకుతాయన్నది చాలావరకు వాటి మీదే ఉంటుంది.

రాసినదంతా అదే రోజు ఈబర్డ్ అనే పక్షుల జాబితాల యాప్‌లో ఎక్కించండి. అది ఉచితం, ఫోన్‌లోనే పని అయిపోతుంది. బాగా అరుదైన జాతుల చోటును అది బయటికి చూపించదు, మీరు కూడా వాట్సాప్ గ్రూపుల్లో లొకేషన్ పెట్టకండి, అటవీశాఖకు చెప్పండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది, మొదలుపెట్టడానికి రెండూ మంచి సమయాలే. చెరువు ఎండిపోయిన ఏడు మానేయకండి. నీళ్ళు లేవని రాసి, నెర్రెలిచ్చిన ఆ నేల మీద ఏమేం తిరుగుతున్నాయో అదే 15 నిమిషాలు, అదే చోట నిలబడి లెక్కపెట్టండి.